రొయ్య పిల్లకే కాదు... సర్వర్‌కూ పరీక్షే!

ఇందుకూరుపేట: రొయ్యల రైతు కొడుకు బెంగళూరులో ఇంజినీరు. ఏం చేస్తాడని అడిగితే ‘‘బాగున్న కంప్యూటర్ను చెడగొట్టి చూస్తాడంట’’ అని మైపాడు వైపు గుంటల గట్ల మీద నవ్వుకుంటున్నారు. దానికీ జీతమిస్తారా అన్నది చాలామంది సందేహం. సంక్రాంతికి ఇంటికొచ్చిన ఆ యువకుణ్నే (పేరు వేయవద్దన్నారు) అడిగి తెలుసుకున్నాం.

మనం సెల్‌ఫోనులో పంపే డబ్బు లెక్క, చూసే బొమ్మ ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి కదా. వేల కంప్యూటర్లు పేర్చిన ఆ గోదామే డేటా సెంటర్. అందులోని కంప్యూటర్ను సర్వర్ అంటారు. రాత్రీ పగలూ ఆగకూడదు.

కొత్త యంత్రంలో లోపముంటే చాలావరకు మొదట్లోనే బయటపడుతుంది. అందుకని గోదాముకు పంపకముందే వేడి గదిలో పెట్టి, మోయగలిగినంత పని అప్పజెప్పి, గంటల తరబడి నడుపుతారు. సర్వర్‌కు రెండు పవర్ సప్లైలుంటాయి. నడుస్తుండగా ఒకటి ఊడబీకుతారు. రెండోది భారమంతా మోయాలి. ఒక ఫ్యాను ఆపితే మిగతావి వేగం పెంచాలి. మెమరీలో ఒక అంకె తారుమారైతే సర్వర్ తానే దిద్దుకుంటుంది. రెండు మారితే తప్పు పట్టుకుంటుంది గాని దిద్దుకోలేదు. అది సరిగా జరుగుతున్నదీ లేనిదీ చూడటానికి కావాలనే తప్పులు పెడతారు.

ఆగిపోయిన యంత్రంతో పెద్ద భయం లేదు, అందరికీ తెలిసిపోతుంది. ఆగకుండా తప్పు లెక్క చెప్పేదే ప్రమాదం. కొన్ని వేల యంత్రాలకు కొన్ని చొప్పున ఇలాంటి ప్రాసెసర్ కోర్లు బయటపడుతున్నాయని 2021లో గూగుల్ ఇంజినీర్లే రాశారు.

ఒకసారి ఈయన చేతిలోని సర్వర్ పద్దెనిమిది గంటలు నడిచాక ఒక్క తప్పు చూపింది. మళ్లీ నడిపితే ఏమీ లేదు. లారీ సిద్ధంగా ఉంది, సంతకం పెట్టమని పైవాళ్ల ఒత్తిడి. ఆయన పెట్టలేదు. మూడో రాత్రి అదే తప్పు మళ్లీ వచ్చింది!

ఆ మొండితనం ఇంట్లోనే అబ్బింది. 1994-95లో తెల్లమచ్చల తెగులు కోస్తాలో గుంటలను ఊడ్చిపెట్టినప్పుడు వీళ్ల నాయన కూడా నష్టపోయారు. పైకి సీడు బాగానే కనిపించిందట. అప్పట్లో పీసీఆర్ పరీక్ష సంగతి ఇక్కడి రైతులకు తెలియదు. ఇప్పుడాయన రిపోర్టు చూడనిదే పిల్లను వదలరు.

ఉప్పుగాలి సంగతి మనకు చెప్పనక్కరలేదు, గుంట మోటార్లు చూస్తే చాలు. ఆ ఉప్పు, తేమ కలిస్తే సర్క్యూట్లలోని రాగికి కిలుం పడుతుంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు 1500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది. అలాంటి ఒడ్డున గాలిని వడపోసి, తేమను అదుపులో పెట్టాల్సిందే. ఆ పని మీద వెళ్లాలని ఈయనకు ఆశ. ఇంటికి మాత్రం బెంగళూరు కంటే దూరమవుతుంది.

కనుమ మరునాడు ఆయన బస్సెక్కారు. సాగనంపడానికి నాయన రాలేదు. సీడు రిపోర్టు కోసం ల్యాబు దగ్గర కూర్చున్నారు.