ఒక్కరే నడిపే అల్యూమినియం పడవ: ఎంపిక

రామగుండం సమీపంలో గోదావరిపై ఉన్న శ్రీపాద ఎల్లంపల్లి జలాశయంలో ఒంటరిగా చేపలవేటకు పడవ కావాలనుకోండి. మీరు ముందుగా ఏమి చూస్తారు? చాలామంది పొడవు చూస్తారు. నేనైతే వెడల్పు చూడమంటాను. నిలబడి విసురువల వేసేటప్పుడు మనిషి బరువు ఒక పక్కకు పోతుంది. అడుగు వెడల్పుగా, చదునుగా ఉంటే పడవ తేలిగ్గా ఒరగదు. గాలికి అలలు లేచే నడినీళ్ళలో మాత్రం అంచులు కూడా ఎత్తుగా ఉండాలి.

ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు, ఉక్కు సుమారు 7.85 గ్రాములు. అందుకే చిన్న అల్యూమినియం పడవను ఒక్కరే ఒడ్డుకు లాగవచ్చు. పుట్టి అంతకన్నా చవక, కాని తెడ్డు సరిగా పడకపోతే గిరగిర తిరుగుతుంది.

ఇక అసలు సంగతి. కర్రతెప్పపైకి నీరెక్కినా తేలుతుంది. అల్యూమినియం పడవ నిండితే మునుగుతుంది. కూర్చునే బల్లల కింద మూసిన గాలి అరలు గాని, థర్మోకోల్ దిమ్మెలు గాని ఉన్నాయేమో కొనేముందే చూడండి. లేకపోతే, సగం ధరకిచ్చినా తీసుకోవద్దు.