ట్రైనింగు నుంచి వచ్చాక క్లాసులో ఏం మారాలి?

"మళ్లీ ట్రైనింగా సార్? మరి పిల్లలకి పాఠాలెవరు చెప్తారు?" అని ఈమధ్య ఒక తల్లి గేటు దగ్గరే నన్ను ఆపి అడిగారు. అడగవలసిన మాటే. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణలో పాల్గొనాలి, హెడ్మాస్టర్లూ అంతే. గంటలు లెక్కపెట్టడం సులభం. హాజరుపట్టీలో సంతకం, మధ్యాహ్నం భోజనం, చివర సర్టిఫికెట్టు. అలాంటివి నా బీరువాలోనూ చాలా ఉన్నాయి. మర్నాడు క్లాసులో ఏమైనా మారిందా అన్నది ఎవరూ అడగరు.

మారిన సందర్భం ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా టీచర్లు కొందరు, యునిసెఫ్ సాయంతో, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీకి వెళ్లారు. అక్కడి పల్లెబడుల్లో ఒకే టీచరు వేర్వేరు తరగతుల పిల్లల్ని కలిపి, కార్డులతో, ఎవరి వేగాన్నిబట్టి వాళ్లని చదివించడం కళ్లారా చూశారు. తిరిగొచ్చి కన్నడానికి తగిన కార్డులు తామే రాసుకున్నారు. తమ బడుల్లో వాడి చూసి దిద్దుకున్నారు. అదే నలి-కలి. 2009-10లో రాష్ట్రంలోని కన్నడ మీడియం ప్రభుత్వ బడులన్నిటికీ వెళ్లింది. అయితే కార్డు రాసినవాళ్లకి అది ఎందుకలా ఉందో తెలుసు, పెట్టెలో అందుకున్నవాళ్లకి కార్డు ఒక్కటే తెలుసు. తేడా అక్కడే వస్తుందని నా అభిప్రాయం.

ఇక మన సంగతి. బెంగళూరులో ట్రైనింగులు ఎక్కువగా కన్నడంలోనో ఇంగ్లీషులోనో జరుగుతాయి. పద్ధతులు మనకీ పనికొస్తాయి గానీ, మన పిల్లలు చేసే తప్పులు అక్కడ చర్చకి రావు. ఒక ఉదాహరణ చెప్తాను. కన్నడంలో 'కీ', 'కే', 'కో' రాయాలంటే అక్షరానికి కుడిపక్కన దీర్ఘం గుర్తు విడిగా పెడతారు. తెలుగులో దీర్ఘం గుణింతపు గుర్తులోనే కలిసి ఉంటుంది. రెండు లిపులూ నేర్చుకునే మన పిల్లలు తెలుగులోనూ పక్కన దీర్ఘం తగిలిస్తారు. ఎర్రసిరాతో కొట్టేస్తే ఆ తప్పు పోదు. మా టీచరొకరు రెండు లిపుల్నీ బోర్డుమీద పక్కపక్కన రాసి, తేడా ఏమిటో పిల్లల చేతే చెప్పించారు. మిగతా టీచర్లు వెనకబెంచీలో కూర్చుని చూశారు.

ఇదివరకు నేను నోటుబుక్కు పట్టుకుని క్లాసులోకి వెళ్తే టీచర్లు బిగుసుకుపోయేవారు. బాగా చదివే పిల్లల్నే లేపి అడిగేవారు. తప్పు నాదే, నేను రాసేదంతా టీచరు గురించే కదా! ఇప్పుడు పిల్లలు ఏం చేశారో మాత్రమే రాసి, ఆ కాగితం టీచరుకే ఇచ్చేస్తున్నాను. మొన్న ఒకరు నలుగురి ముందూ, "ఒత్తులొచ్చేసరికి నా క్లాసులో సగంమంది ఆగిపోతున్నారు, ఏం చెయ్యను?" అన్నారు. ఆ మాట బయటికి రావడానికి మాకు ఏడాది పట్టింది.

ఇకనుంచి నెలకో శనివారం, ఒంటిపూట బడి అయ్యాక, టీచర్లందరూ రెండు గంటలు ఇలా కూర్చుంటారు. పాఠాలేవీ పోవు. మొదట ఒత్తుల సంగతే తీసుకుంటున్నాం. మీ పిల్లల పాత తెలుగు నోటుబుక్కులుంటే పడెయ్యకుండా ఆఫీసులో ఇవ్వండి. తప్పులు ఎక్కువున్నవే కావాలి. పేరున్న అట్ట చించేసి ఇచ్చినా సరే.