బెంగళూరు వైపు తిరిగిన కమ్మీలు

పెనుకొండ, బెంగళూరు దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ 77.6 డిగ్రీల తూర్పుకు ఆనుకొనే ఉంటాయి. పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే, పెనుకొండ మండలంలోని ఎర్రమంచికి బెంగళూరు నేరుగా దక్షిణాన, 120 కిలోమీటర్లకు పైగా దూరంలో తేలుతుంది. అదే గీత హిందూపురం నుంచి 95, ధర్మవరం నుంచి 160 కిలోమీటర్లు. బస్సు తిరిగే రోడ్డు లెక్కను పక్కనపెట్టి, రేడియో తరంగం నడిచే దారిని కొలిస్తే వచ్చే అంకెలివి. కేబులు, డిష్షు, ఇంటర్నెట్టు ఏవీ లేకుండా మిద్దె మీద యాంటెన్నా ఒక్కటి పెట్టి గాలిలోంచి డిజిటల్ టీవీ పట్టాలనుకునేవాళ్లు ఈ ప్రాంతంలో మొదట వీటినే చూసుకోవాలి. 2016 ఫిబ్రవరి 25న దూరదర్శన్ 16 నగరాల్లో భూతల డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ జాబితాలో బెంగళూరు ఉంది, చెన్నై ఉంది. తెలుగు నేల మీది నగరం ఒక్కటీ లేదు. నాకిది ఇప్పటికీ మింగుడుపడని సంగతి. ఎర్రమంచికి దగ్గరి డిజిటల్ స్తంభం రాష్ట్రం దాటి, కొండల వరస దాటి ఉంది.

ఆ స్తంభాన్ని చూసే అల్యూమినియం కమ్మీల యాంటెన్నాకు వందేళ్ల చరిత్ర ఉంది. 1926 నాటికి జపాన్‌లోని సెండాయ్ నగరంలో, తోహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో అది రూపుదిద్దుకుంది. హిదెత్సుగు యాగీ అక్కడ ఆచార్యుడు. షింతారో ఉడా ఆయన దగ్గర పనిచేస్తున్న యువ పరిశోధకుడు. ప్రయోగాల కష్టం చాలావరకు ఉడాదే. అయినా 1928లో యాగీ ఇంగ్లీషులో ప్రచురించిన వ్యాసంతోనే లోకానికి తెలియడంతో పేరు ఆయనకు అంటుకుపోయింది. సొంత దేశం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1942లో సింగపూరు జపాను సేనల చేతికి చిక్కినప్పుడు, దొరికిన బ్రిటిష్ రాడార్ కాగితాల్లో ‘యాగీ’ అనే మాట పదేపదే కనిపించింది. అదేమిటో వాళ్లకు అంతుపట్టలేదు. అది మీ జపాను ఆచార్యుడి పేరేనని పట్టుబడిన బ్రిటిష్ సైనికుడు చెప్పాల్సి వచ్చింది. ఉడాకు మన దేశంతో కూడా చుట్టరికం ఉంది. 1950లలో ఆయన ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాడు. అదే ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న మన తొలి టీవీ ప్రసారం జరిగింది. ఆయన పేరు కూడా కలిపి ‘యాగీ–ఉడా’ అనడమే న్యాయం.

దాని పనితనం అంతా కమ్మీల పొడవులోనే ఉంది. వైరు తగిలించే మడత కమ్మీ పొడవు, వచ్చే తరంగం పొడవులో ఇంచుమించు సగం ఉంటుంది. ఊయలను దాని లయ పట్టుకొని తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగినట్టు, సరైన పొడవున్న కమ్మీలో బలహీనమైన తరంగం కూడా చెప్పుకోదగ్గ విద్యుత్తు పుట్టిస్తుంది. దాని వెనక కాస్త పొడవైన కమ్మీ ఒకటి, ముందు కాస్త పొట్టివి వరసగా కొన్ని. వీటికి ఏ వైరూ ఉండదు. తరంగం తగిలి వాటిలో పుట్టిన విద్యుత్తు మళ్లీ తరంగాలను వెదజల్లుతుంది. ముందునుంచి వచ్చే సిగ్నల్ విషయంలో ఇవన్నీ మడత కమ్మీ దగ్గర ఒకదానికొకటి తోడవుతాయి. వెనకనుంచి వచ్చేదాన్ని చాలావరకు చెరిపేసుకుంటాయి. ఏడెనిమిది కమ్మీలున్న యాంటెన్నా, ఒంటి కమ్మీ కంటే దాదాపు ఐదారు రెట్ల శక్తిని ఒక దిక్కునుంచి కూడగడుతుంది. కరెంటు అక్కర్లేదు, అరిగే భాగం లేదు. ఇరవయ్యో శతాబ్దపు యంత్రాల్లో ఇంత పొదుపైనది మరొకటి ఉందా అంటే నేను వెంటనే చెప్పలేను.

తెలుగు పల్లెకు టీవీ మొదట వచ్చింది మాత్రం ఈ కమ్మీలతో కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. కోళ్ల గూటికి వాడే లాంటి జాలీతో చేసిన పది అడుగుల డిష్షులు వాడారు. 1977లో హైదరాబాదు, 1981లో బెంగళూరు దూరదర్శన్ కేంద్రాలు వచ్చాయి. ఇన్సాట్-1బి పైకి వెళ్లాక 1984 నుంచి వంద వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లు ఊరూరా లేచాయి. 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలయ్యేసరికి యాంటెన్నా లేని వీధి అరుదైపోయింది.

అప్పటి మరమ్మతు విద్య ఇంటిల్లిపాదికీ వచ్చు. ఒకరు మిద్దె మీద పైపు పట్టుకొని తిప్పేవారు, ఒకరు వాకిట్లో, ఒకరు టీవీ ముందు. “వచ్చెనా?” “ఇంకొంచెం తిప్పున్నా!” “వచ్చె, వచ్చె... పోయె!” ఈ కేకలు పనిచేశాయంటే, అనలాగ్ బొమ్మ తన రోగాన్ని తానే చెప్పుకునేది కాబట్టి. తెర నిండా చుక్కలు కురుస్తుంటే సిగ్నల్ బలం చాల్లేదు. మనిషి పక్కన మనిషి నీడలా రెండో బొమ్మ కనిపిస్తే, అదే తరంగం ఏ కొండకో గుట్టకో తగిలి ఆలస్యంగా వచ్చి చేరుతోంది. అడ్డంగా గీతలు పాకుతుంటే పక్కనున్న మోటారుదో, ట్యూబులైటుదో పని. రంగు పోయి నలుపు తెలుపుల్లో నిలిచిందంటే సిగ్నల్ అంచు మీద ఉంది. చదువు రానివాళ్లు కూడా ఈ గుర్తులు చదివేవారు.

డిజిటల్ ఆ భాషను తీసేసింది. దూరదర్శన్ వాడే డీవీబీ-టీ2 పద్ధతిలో బొమ్మ అంకెలుగా మారి, వేల సన్నటి ఉపతరంగాల మీద పంచబడి వస్తుంది. దారిలో కొన్ని అంకెలు చెడినా, తోడుగా పంపిన దిద్దుబాటు అంకెలతో టీవీ వాటిని తిరిగి కట్టుకుంటుంది. దిద్దగలిగినంతసేపు బొమ్మ నిండుగా ఉంటుంది. హద్దు దాటితే మొదట గళ్లుగళ్లుగా పగులుతుంది, తర్వాత తెర నల్లబడుతుంది. ఆ రెంటి మధ్య తేడా ఎంతో కాదు, ఒకటి రెండు డెసిబెల్స్. మధ్యాహ్నం నిండుగా కనిపించిన ఛానల్ రాత్రికి పూర్తిగా మాయమైతే, ‘టీవీ చెడిపోయింది’ అనుకోవడం సహజం. చాలాసార్లు టీవీ బాగానే ఉంటుంది. సిగ్నల్ మొదటినుంచీ అంచు మీదే నిలబడి ఉంది, ఆ సంగతి బొమ్మ చెప్పలేదు, అంతే. ఒక మేలూ జరిగింది. డీవీబీ-టీ2లో ప్రతి ముక్కకూ ముందు కాస్త రక్షణ వ్యవధి వదులుతారు. కొండకు తగిలి వచ్చిన తరంగం ఆ వ్యవధిలోపు చేరితే హాని చేయదు. వెనకటి నీడబొమ్మల బెడద అక్కడితో తీరింది.

ఇక ఎర్రమంచి లెక్క చూద్దాం. భూమి గుండ్రం కాబట్టి స్తంభం ఎత్తును బట్టి తరంగానికి ఒక దిగంతం ఉంటుంది. ఎత్తును మీటర్లలో తీసుకొని, వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. స్తంభం 150 మీటర్లనుకుంటే 50. మిద్దె మీద మన యాంటెన్నా 9 మీటర్ల ఎత్తులో ఉంటే 12. కలిపితే 62 కిలోమీటర్లు. ఇక్కడ భూమి మనకు కొంత సాయం చేస్తుంది: బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, హిందూపురం 620 దగ్గర ఉన్నాయి. ఆ తేడాను స్తంభానికి కలిపితే దిగంతం వంద కిలోమీటర్ల దాకా సాగుతుంది. కాగితం మీద హిందూపురం గీత లోపల పడింది. ఎర్రమంచి బయట, ధర్మవరం మరీ బయట. అయితే ఈ లెక్క దారి చదునుగా ఉంటేనే నిజం. దారిలో నంది కొండలున్నాయి. నందిదుర్గం 1,478 మీటర్లు. దాని వరస కొండలు ఈ గీత దారిలో పరుచుకొని ఉన్నాయి.

కొండ అంచు మీదుగా తరంగం కొంత వంగి కిందికి దిగుతుంది. పొడవైన తరంగం ఎక్కువ వంగుతుంది, పొట్టిది తక్కువ. పాతకాలపు ప్రధాన ఛానళ్లు చాలాచోట్ల వీహెచ్ఎఫ్‌లో, అంటే మీటరున్నర నుంచి నాలుగైదు మీటర్ల పొడవున్న తరంగాల మీద వచ్చేవి. డిజిటల్ ప్రసారాలు యూహెచ్ఎఫ్‌లో, అరమీటరు చుట్టుపక్కల తరంగాల మీద వచ్చాయి. కొండ అవతలివాళ్లకు ఇది రెండు దెబ్బలు: వంగడం తగ్గింది, చుక్కల బొమ్మతోనైనా సరిపెట్టుకునే వీలు పోయింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎర్రమంచిలో మామూలు మిద్దె మీద బెంగళూరు డిజిటల్ ప్రసారాన్ని రోజూ నమ్మకంగా చూడడం సాధ్యమయ్యే పని కాదు. చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చగాలి పొరలుగా నిలిచినప్పుడు తరంగాలు వాటి మధ్య ఒదిగి చాలాదూరం పోతాయి. అలాంటి వేళ దూరపు ఛానల్ ఒకటి తళుక్కుమంటే ఆశ్చర్యం లేదు. ఎండ ఎక్కితే అది పోతుంది. దాన్ని చూసి ఇంకో పది అడుగుల పైపుకు డబ్బు పోయొద్దు.

స్తంభానికి దగ్గరగా ఉండే తెలుగు ఇళ్లు బెంగళూరులో ఉన్నాయి, 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కు మారిన అమెరికాలోనూ ఉన్నాయి. ప్రసార పద్ధతి వేరైనా జబ్బులు వెతికే వరస ఒకటే. మొదట టీవీలో ఆ పద్ధతి ట్యూనర్ ఉందో లేదో చూడాలి. మన దగ్గర అమ్మే టీవీలన్నిట్లో డీవీబీ-టీ2 ఉండదు, అది లేకుంటే ఎంత పెద్ద యాంటెన్నా అయినా దండగే. తర్వాత అటక మీది పాత యాంటెన్నా కమ్మీలను టేపుతో కొలవాలి. మీటరు దగ్గర ఉంటే అది వీహెచ్ఎఫ్‌ది, యూహెచ్ఎఫ్‌కు జానెడున్నర కమ్మీలు చాలు. బొమ్మ రాలేదు కదా అని వెంటనే బూస్టర్ కొనేస్తారు. బూస్టర్ లేని సిగ్నల్‌ను సృష్టించలేదు, వచ్చినదాన్ని అందులోని రొదతో సహా పెంచుతుంది. దాన్ని టీవీ వెనక పెడితే, వైరులో సగం పోయిన సిగ్నల్‌కు సొంత రొద కూడా కలుపుతుంది. పైపు మీద, యాంటెన్నా పక్కనే పెట్టాలి. పక్కింటి మీద సెల్ టవరు ఉంటే బూస్టరే ఆ ధాటికి ఉక్కిరిబిక్కిరై అసలు సిగ్నల్‌ను చెడగొడుతుంది. అప్పుడు దాన్ని తీసేయడమే వైద్యం.

అన్నిటికంటే ఎక్కువగా సిగ్నల్‌ను దొంగిలించేది వైరు. వానాకాలంలో కనెక్టర్ సందులోంచి నీరు దిగి, లోపలి రాగి తీగ పచ్చబడి, కేబులు పొడవునా సిగ్నల్ ఇంకిపోతుంది. పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది. ఒక వైరును రెండు టీవీలకు పంచే స్ప్లిటర్, శక్తిని సగానికి పైగా కోస్తుంది. అంచు మీదున్న సిగ్నల్ అక్కడే కూలుతుంది. టీవీ మెనూలో బలం, నాణ్యత అని రెండు పట్టీలు కనిపిస్తాయి. బలం నిండుగా ఉండి నాణ్యత ఊగుతుంటే రొద చొరబడుతోందన్నమాట: చవకరకం ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టరు ఒక్కొక్కటే ఆపి చూడాలి. పాత రోజుల్లో తెర చెప్పిన కబురు ఇప్పుడు ఆ రెండో పట్టీ చెబుతోంది. యాంటెన్నా తిప్పేటప్పుడు చూడాల్సింది దాన్నే, ఒక్కో తిప్పుకు కొన్ని క్షణాలు ఆగి మరీ.

2021 అక్టోబరులో, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి, వ్యూహాత్మక ప్రాంతాల్లోని యాభై దాకా తప్ప మిగతా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నిటినీ 2022 మార్చి 31కల్లా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఈ సీమలో వాటి చోటును డిష్షులు తీసుకున్నాయి. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. పెనుకొండ నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, నేలకు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంత పైనుంచి దిగే తరంగానికి నంది కొండలు ఎక్కడా తగలవు. నెలవారీ చందా లేదు. ఎర్రమంచి ఇంటికి ఇవాళ నేనిచ్చే సలహా అదే.

ఎర్రమంచి మరో రకం యాంటెన్నాను ఇప్పుడు ఊళ్లకు పంపుతోంది. 2019 నుంచి కియా కర్మాగారంలో తయారయ్యే కార్ల పైకప్పు మీద సొరచేప రెక్కలా కనిపించేది అదే. ఆ కంపెనీ సొంత దేశమైన దక్షిణ కొరియా 2017లో ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త భూతల ప్రసార పద్ధతిని మొదలుపెట్టింది. ఇంటర్నెట్టు లేకుండా నేరుగా ఫోనుకు టీవీ పంపాలని మన దేశం చేస్తున్న ప్రయోగాలకూ ఆ పద్ధతే ఆధారం. మిద్దె మీది కమ్మీ పది మీటర్ల ఎత్తున నిలబడి, ఒకే దిక్కు చూస్తూ సిగ్నల్ పోగుచేసేది. జేబులోని ఫోనుకు ఆ ఎత్తూ లేదు, ఆ దిక్కూ లేదు, మీటరు కమ్మీకి చోటూ లేదు. అందువల్ల మన మిద్దె ఇన్నాళ్లు మోసిన బరువును ఇక స్తంభమే మోయాలి: ఎక్కువ శక్తితో, ఎక్కువ చోట్ల, కొండకు ఈవైపు కూడా. తదుపరి నగరాల జాబితా తయారయ్యేటప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దానిలో ఉండాలి.