లోకల్ బండి – మగ్గమున్న ఇల్లు

మా సంఘ సర్వసభ్య సమావేశము ముగిసి అందరు లేచుచుండగా, వయోవృద్ధులైన సభ్యులొకరు మమ్ములను ఆపి ఒక మాట అడిగిరి. "సెక్రటరీగారూ, ముంబైల ఉన్న మా చిన్నోడు ఫోన్ చేసిండు. ఈడి ఇల్లు అమ్మి ఆడ స్టేషన్ దగ్గర ఫ్లాట్ కొందామంటుండు. అమ్మాల్నా, ఉంచాల్నా? మీరే చెప్పండి."

ఆ ఇంటిలో రెండు గుంటమగ్గములున్నవి. ఒకదానిపై ఆయన, రెండవదానిపై ఆయన భార్య నేయుచున్నారు. మా షోలాపురములో చేతిమగ్గములు ఇప్పటికే వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మిగిలినవి. అందులో రెండు పోవునా నిలుచునా అనునది ఆ ప్రశ్నలో ఉన్నది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. తరువాతి నెలలో వస్త్ర ప్రదర్శన పనిమీద ముంబై వెళ్లి, ఐదు దినములు మనవారి ఇండ్లలోనే బస చేసితిమి. అక్కడ చూచినదియు, పెద్దలను అడిగి తెలిసికొన్నదియు మన పత్రికా పాఠకుల ముందుంచుచున్నాము. ఇట్టి ప్రశ్న మన కుటుంబములలో అనేకులకు ఈనాడు వచ్చుచున్నది గదా!

రైలు, మిల్లు – ఒకే కాలపు పిల్లలు

1853 ఏప్రిల్ 16న బోరీబందరు నుండి ఠాణే వరకు 34 కిలోమీటర్లు మన దేశపు మొదటి ప్రయాణికుల రైలు నడచినది. మరుసటి సంవత్సరము, 1854లో, తార్‌దేవ్‌లో బొంబాయి మొదటి నూలుమిల్లుకు స్థాపన జరిగినది. రైలు లోపలి జిల్లాల నుండి ప్రత్తిని తెచ్చినది. మిల్లు దానిని నూలుగా, గుడ్డగా మార్చినది. మన తాతముత్తాతల మగ్గములకు పోటీ వచ్చినది అక్కడినుండే. ఆ పోటీలో ఓడినవారిలో కొందరు ఆ మిల్లులకే కూలికి పోయిరి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు వేలాదిగా అక్కడ చేరిరి. వారికంటె ముందు కట్టడపు పనులకు వెళ్లిన తెలుగు కూలీలను అక్కడివారు కామాఠీలనిరి. కామాఠీపుర పేట పేరు వారినుండి వచ్చినదే.

ఆ కాలపు మిల్లు కార్మికునికి ప్రతిదినము రైలెక్కు పని లేదు. భోంగా కూయగానే నడచి పోగలిగినంత దూరములోనే అతని చాల్ ఉండెను. 1920 తరువాత వర్లీ, నాయగాఁవ్ మున్నగుచోట్ల ప్రభుత్వము కట్టిన బి.డి.డి. చాల్‌లలో గది ఒక్కింటికి 160 చదరపు అడుగులు మాత్రమే. అందులో ఒక కుటుంబము, దానితో ఊరినుండి వచ్చిన బంధువులు. పగలు పని చేయువారు రాత్రి, రాత్రి పని చేయువారు పగలు నిద్రించిరి. మగ్గము వేయుటకు అక్కడ చోటెక్కడిది? నేతగాడు నేతపనికి పోవుటకై తన ఇంటినుండి మగ్గమును వదలుకొనెను.

ఇల్లు దూరమైన విధము

1896లో ప్లేగు వచ్చి నగరమును గడగడలాడించినది. ఇరుకు ఇండ్లను తొలగించి కొత్త పేటలు వేయుటకు 1898లో ఇంప్రూవుమెంటు ట్రస్టు ఏర్పడినది. దాదరు, మాటుంగా పేటలు అట్లు వెలసినవే. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లాకు మొదటి విద్యుత్తు రైలు నడచినది. 1928లో పడమటి మార్గమున బోరీవలీ వరకు విద్యుత్తు వచ్చినది. బొగ్గు ఇంజను కదలి వేగమందుకొనుటకు చాల సేపు పట్టును. విద్యుత్తు బండి వెంటనే వేగమందుకొనును, వెంటనే ఆగును. అందువలన స్టేషన్లను దగ్గర దగ్గరగా పెట్టుట సాధ్యమైనది. స్టేషను పెట్టిన ప్రతి చోట ఒక బజారు, బజారు వెనుక ఒక పేట లేచినవి. నగరము చెరువువలె నలుదిక్కుల విస్తరించక, పడుగు పోగులవలె పట్టాల వెంట ఉత్తరమునకు సాగినది.

1947 నాటి అద్దె చట్టము పాత అద్దెలను పెంచనీయలేదు. పాత కిరాయిదారునికి అది మేలు చేసినది. కాని అద్దెకిచ్చుటకు కొత్త చాల్‌లు కట్టువారు మానుకొనిరి. కొత్తగా వచ్చినవాడు ఇల్లు కొనవలెను, లేదా దూరము పోవలెను. సీజను టికెట్టు చౌక, ఇల్లు ఖరీదు. కనుక జనులు దూరమే పోయిరి. డోంబివలీ 48 కిలోమీటర్లు, కల్యాణ్ 54, విరార్ 60. ఇంత దూరము నుండి ప్రతిదినము పనికి వచ్చిపోవుట అక్కడ సాధారణ విషయము.

తరువాత 1982 జనవరి 18న మిల్లుల సమ్మె ప్రారంభమైనది. అరవైకి పైగా మిల్లులు, సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు. ఆ సమ్మె తరువాత అనేక మిల్లులు మరల లేవలేదు. నేత పని మరమగ్గముల వెంట భివండీకి మరలినది. మనవారు అనేకులు అక్కడి పద్మనగరుకు తరలిరి. మిల్లు స్థలములు 1991 నాటి నిబంధనల వలన అమ్మకమునకు వచ్చినవి. మూడవ వంతు నగరపు ఖాళీ స్థలమునకు, మూడవ వంతు సామాన్యుల ఇండ్లకు ఇవ్వవలెనని మొదట ఉండెను. 2001 సవరణతో, మొత్తము స్థలములో గాక, కట్టడములు లేని ఖాళీ నేలలో మాత్రమే ఆ వంతులన్నారు. పేదల పాలు తగ్గిపోయినది. పొగగొట్టములున్న చోట ఆఫీసులు, పెద్ద దుకాణములు లేచినవి.

మిల్లు కార్మికుని కుమారుడు చాల్ గదిని అమ్మి డోంబివలీ పోయెను. ఇప్పుడు ప్రతి ఉదయము రైలెక్కి, తండ్రి నేసిన మిల్లు ఉన్న స్థలమునకే వచ్చి, అక్కడి మేడ గుమ్మము వద్ద కాపలా కాయుచున్నాడు. అట్టి ఒకరిని మేము స్వయముగా కలిసితిమి. "మా బాపు నడిసి పోయిండు, నేను గంటన్నర రైల్ల పోతున్న, గంతే తేడా," అని నవ్వెను.

మిల్లుల కాలపు స్టేషన్లు, వంతెనలు ఆఫీసుల జనమునకు చాలవాయెను. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను వంతెనపై తొక్కిసలాటలో 23 మంది ప్రాణములు కోల్పోయిరి. మేడలు కట్టుటకు చూపిన త్వర మెట్లు వెడల్పు చేయుటలో చూపబడలేదు.

బండి చెప్పిన కాలము, బండి చెప్పిన బ్రతుకు

మేము బస చేసిన డోంబివలీ ఇంటిలో దూరమును మైళ్లలో ఎవరును చెప్పరు. "స్టేషనుకు నడక ఏడు నిమిషాలు" అందురు. ఇంటి ధర ఆ నిమిషములను బట్టియే ఉండును. నిమిషములు పెరిగిన కొలది ధర దిగును. ఇంటి యజమానురాలు తెల్లవారక మునుపే లేచి నీళ్లు పట్టి, డబ్బాలు కట్టి, భర్తతోపాటు తానును పనికి బయలుదేరును. తిరుగు ప్రయాణములో స్త్రీల పెట్టెలో కూర్చుండ చోటు దొరికినచో రాత్రికి కావలసిన కూర అక్కడే తరిగికొనును. స్త్రీలకు మాత్రమే ప్రత్యేక బండి 1992లో అక్కడ ప్రారంభమైనది. రోజూ ఒకే పెట్టెలో పోవువారు చుట్టములకంటె దగ్గరివారగుదురు. పెండ్లి సంబంధములు కూడ అక్కడే మాటలాడుకొందురట!

ఆ ఇంటి ముసలమ్మగారు ఊరిలో ఉన్నప్పుడు రాట్నముపై కండెలు చుట్టెడివారు. ఇప్పుడు బాల్కనీలో కూర్చుండి, పోవు బండ్లను చూచుచుందురు. మమ్ములను చూచి, "ఆడ నాకు పని ఉండె నాయనా. ఈడ అన్నం పెడుతున్రు, పనే లేదు," అనిరి. ఈ మాట మా మనస్సులో నాటినది.

రైలు చేయు మార్పు ఇదియే. అది ఇంటిని, పనిని వేరు చేయును. అక్కడి ఇల్లు పడుకొనుటకు; పని ఎక్కడనో ఉండును. మన ఇల్లు అట్టిది కాదు. ముందు గదిలో మగ్గము, వెనుక వంటిల్లు, వాకిట పడుగు. తాత అచ్చు అతుకును, అవ్వ కండె చుట్టును, కోడలు నేయును, బడినుండి వచ్చిన పిల్ల అక్కడే పుస్తకము తీయును. నాలుగవ అంతస్తులో గుంట త్రవ్వగలమా? పడుగు సాచుటకు వీధి ఉండునా? జకార్డు నిలబెట్ట పైకప్పు ఎత్తు చాలునా? నాడె చప్పుడుకు పక్క ఇంటివారు ఊరకుందురా? ఫ్లాటు కొనుట యనగా మగ్గము అమ్ముటయే. ఆ సంగతి తెలిసి కొనవలెను.

అయితే ఒక పక్కనే చెప్పుట ధర్మము కాదు. ఆ ఇంటి కుమార్తె రైలు ఉండుట వలననే దూరపు కళాశాలలో చదివి ఉద్యోగము సంపాదించినది. నెల తిరుగగానే జీతము వచ్చును. మా సంఘములో నూలు ఆలస్యమైన నెలలలో సభ్యులకు కూలి ఎట్లు ఆగునో మాకు తెలియును. యువకులు పట్నము పోవుదుమన్నచో వారిని నిందించు అధికారము మాకు లేదు.

లాభము ఎవరికి పోవును?

రైలు వచ్చిన చోట నేల ధర పెరుగును. ఆ పెరుగుదల నేల గలవానికే పోవును, అద్దెవానికి పోదు. నవీ ముంబైలో ఒక మంచి పద్ధతి చూచితిమి. 1970లో స్థాపింపబడిన సిడ్కో సంస్థ చేతిలో అక్కడి నేల ఉండెను. 1992లో ఖాడీ దాటి వాశీకి రైలు వచ్చినప్పుడు మూడింట రెండు వంతుల ఖర్చు ఆ సంస్థయే పెట్టుకొనినది. రైలు వలన పెరిగిన నేల ధరలో నుండియే రైలు ఖర్చు వచ్చునట్లు చేయుట ఇందలి కీలకము.

మదరాసు సంగతి మన తమిళనాటి సోదరులకు తెలిసినదే. మాంబలము స్టేషను పక్క 1920 తరువాత వేసిన త్యాగరాయ నగరము మన దేవాంగ కులపు పెద్ద, నేత కార్ఖానా నడిపిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరిట వెలసినది. 1931లో బీచి–తాంబరము మార్గమునకు విద్యుత్తు వచ్చినది. ఇండ్ల కొరకు వేసిన ఆ పేట నేడు పట్టుచీరల బజారు. బెంగుళూరులో 2011 అక్టోబరు 20న మెట్రో ప్రారంభమై, 2017 జూన్‌లో చిక్కపేటకు భూగర్భ స్టేషను వచ్చినది. బండి నిలుపుటకు చోటులేని ఆ చీరల వీధులకు కొనువారు నేరుగా రైలులో రాగలుగుచున్నారు. నేతగానికి రైలు ఇల్లు తీసికొని పోవునదియే కాదు, గిరాకీని తెచ్చునదియు కాగలదు.

మా సూచనలు

ఒకటి: నగరములో ఉద్యోగము దొరికిన పిల్లలు మొదట ఒక సంవత్సరమైన అద్దెకుండి, ప్రయాణపు కష్టమును చూచిన తరువాతనే కొనుటను గూర్చి ఆలోచింపవలెను.

రెండు: నడచుచున్న రైలును చూచి కొనుడు, వచ్చునన్న రైలును చూచి కొనకుడు. ఠాణే–భివండీ–కల్యాణ్ మెట్రోకు 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది. దానిని నమ్మి అప్పుడే అప్పు చేసినవారు ఏండ్ల తరబడి వడ్డీ కట్టుచు ఎదురు చూడవలసి వచ్చినది.

మూడు: స్టేషను సమీపమన్న మాటకు మోసపోక, కట్టడపు అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు, రెరా నమోదు చూచుకొనవలెను. పత్రములు లేని ఇంటిపై నోటీసు వచ్చిన దినమున రైలు ఏమియు చేయలేదు.

నాలుగు: మీ ఊరికే రైలు మార్గము వచ్చునెడల ఇండ్లను విడివిడిగా అమ్ముకొనకుడు. వీధివారందరు కలిసి సహకార గృహసంఘముగా ఏర్పడి, కింది అంతస్తును మగ్గపు షెడ్డుగా నిలుపుకొని, పైన ఇండ్లు కట్టుకొనుట మేలు.

ఐదు: 2022లో రైల్వేవారు "ఒక స్టేషను – ఒక ఉత్పత్తి" అను పథకమును ప్రారంభించిరి. స్థానిక వస్తువులకు స్టేషన్లలోనే అంగడి చోటు కొద్దికాలపు వంతున ఇత్తురు. మన సంఘములు దరఖాస్తు పెట్టుకొని తమ సరకును జనము నడచు దారిలో ఉంచవలెను.

మేము తిరిగి వచ్చి ఈ సంగతులన్నియు ఆ పెద్దమనిషికి చెప్పితిమి. కుమారుని కూడ పండుగకు వచ్చినప్పుడు కూర్చుండబెట్టి మాటలాడితిమి. ఇల్లు అమ్మకుండ, అతడు ఇంకొక స్నేహితునితో కలిసి డోంబివలీలో అద్దె గది తీసికొనుటకు ఒప్పుకొనెను. రెండు మగ్గములును ఇంకను ఆడుచున్నవి. కాని లేచి పోవుచు ఆ తండ్రి, "ఇప్పటికి నిలిసింది సెక్రటరీగారూ. మా వెనుక ఎవలు కూసుంటరు ఈ గుంటల?" అని అడిగిరి. దానికి మేము ఒక్కరమే చెప్పగల జవాబు లేదు. బెంగుళూరు, కంచి, బరంపురము, యానాము మొదలగు చోట్ల సోదరులు తమ ఊళ్లలో ఈ సమస్యను ఎట్లు ఎదుర్కొనుచున్నారో మన పత్రికకు వ్రాసి పంప ప్రార్థన.