మందకాపరి అద్భుతరూపము: నంద్యాల, ఆళ్లగడ్డ సీమల గాథలు

పశువులను మేపువానికి మానుషాతీతమైన శక్తిని కల్పించుట ఒక్క దేశమునకే చెల్లిన ఊహ కాదు. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడను ప్రకటించిరి. కొందరు బల్లచుట్టు కూర్చుండి, ఒకరు కథ నడుపుచుండగా తక్కినవారు తలకొక పాత్ర వహించి, పాచికలు వైచి ఆ పాత్రల జయాపజయములను తేల్చుకొను క్రీడ యది. అందు ఎదురగు భూతముల బలము, ఆయువు మున్నగునవి అంకెలలో వ్రాయబడి యుండును. ఇట్టి క్రీడకై పశుకాపరి భూతము నొకదానిని కల్పింపబూనినవారికి మొదట తోచువాడు టెక్సస్ మైదానముల కౌబాయి. మన గాథలలో అట్టివాడున్నాడా, ఉన్నచో వాని శక్తి యెందున్నది? ఈ ప్రశ్నను నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల గాథలు ఆధారముగా ఇట విచారింపదలచితిమి.

కౌబాయి చరిత్ర కెక్కినవాడే. అమెరికా అంతర్యుద్ధము 1865లో ముగిసిన పిదప రెండు దశాబ్దములపాటు టెక్సస్ మందలను కాన్సస్‌లోని రైలు స్టేషన్లకు తోలిన కూలివాడు వాడు. తోలిన పశువులు వానివి కావు. వాని ప్రేతరూపమునకు లోకప్రసిద్ధి తెచ్చినది 1948లో స్టాన్ జోన్స్ రచించిన పాట. అందు శాపగ్రస్తులైన రౌతులు ఆకాశవీథిని ఎన్నటికిని పట్టుపడని మందను తరుముచుందురు. అనగా అచ్చటి అద్భుతము శిక్షారూపము. బ్రతికినన్నాళ్లు చేసిన చాకిరియే చచ్చిన పిదపను తప్పదన్నమాట.

మన సీమలోని గాథ వేరుదారి పట్టినది. నంద్యాలకు తూర్పున నల్లమల యడుగున మహానంది క్షేత్రము కలదు. ఈ ప్రాంతమున ప్రసిద్ధములైన నవనందులలో ప్రథమనంది, నాగనంది, సోమనంది నంద్యాల పట్టణముననే యున్నవి. మహానంది స్థలగాథ యిట్లు చెప్పబడును: నందరాజు మందలోని ఒక గోవు సాయంకాలము పాలులేని పొదుగుతో ఇంటికి వచ్చుచుండెను. కాపరి దాని వెంబడి పోయి చూడగా అది అడవిలో నొక పుట్టపై నిలిచి పాలు కార్చుచుండెను. పుట్టనుండి బాలరూపమున శివుడు ఆ పాలు గ్రోలుచుండెను. కాపరి చెప్పగా రాజు స్వయముగా చూడవచ్చెను. అలికిడికి గోవు బెదరి పుట్టను త్రొక్కెను. గర్భాలయమునందలి లింగము సామాన్య లింగములవలె ఎత్తుగా నుండక అణగియుండుటకు ఆ గిట్టదెబ్బయే కారణమని ప్రజల విశ్వాసము.

పుట్టపై పాలు కురిసిన గాథ దక్షిణాపథమున పెక్కు క్షేత్రములకు కలదు. అందుచే దీనిని పునరుక్తిగా భావించి విడిచిపెట్టుట పరిశోధకులకు అలవాటైనది. ఆ అలవాటు మంచిది కాదని మా అభిప్రాయము. కథ కదలుటకు కారణమేమి? పాలు పోవుట. పాలు పోయినపుడు మొదటి యనుమానము ఎవరిపై పడును? కాపరిపై. మహానంది గాథలో ఇది సూచ్యముగా నున్నది. తిరుమల గాథలో వాచ్యమైనది. అచ్చట చోళరాజు రాణి, పాలు నీవే త్రాగుచున్నావని కాపరిని దూషించును. వాడు నిందకు ఓర్వలేక ఆవును వెంబడించి, కోపమున గొడ్డలి యెత్తును. ఆ దెబ్బ పుట్టనుండి వెలువడిన స్వామి తలకు తగులును. కాపరి అచ్చటనే కూలిపోవును. పిమ్మట స్వామి వానిని బ్రతికించి, నన్ను తొలుత చూచినవాడవు నీవు గాన నీ వంశమునకు ప్రథమదర్శనము దక్కునని వరమిచ్చునట. నేటికిని తిరుమలలో వేకువను కోవెల తలుపులు తెఱచునపుడు సన్నిధిగొల్ల యుండుట ఆ వరమునకు ఫలముగా చెప్పుదురు.

ఇందు పిశాచమైనవాడెవడో గమనింపదగును. గొడ్డలి యెత్తిన కాపరి కాదు. సేవకుని తప్పునకు ఏలిక బాధ్యుడని శాపము పొందిన రాజు! పాశ్చాత్యుల పాటలో శాపము కూలివానికి దక్కగా, మన గాథలో అది పశువుల యజమానికి చుట్టుకొన్నది. కాపరికి దక్కినది చూపు. ఆవు వెంట నడచినవాడు గాన, చదివినవారికిని ఏలినవారికిని కానరానిది వానికి కనబడినది.

కాపరియే దొరయైన సందర్భము మరియొకటి కలదు. నల్లమలకు తూర్పున కనిగిరి సీమకు సంబంధించిన కాటమరాజు కథ గొల్లల వీరగాథాచక్రము. తంగిరాల వేంకట సుబ్బారావుగారు దీనిని సంపాదించి ప్రకటించి మహోపకారము చేసిరి. కఱవు వచ్చి కాటమరాజు మందలను దక్షిణమునకు తోలుట, నెల్లూరి సిద్ధిరాజు బీళ్లలో మేపుకొనుటకు పుల్లరి యొడంబడిక చేసికొనుట, ఆ యొడంబడిక చెడి పాలేటి యొడ్డున యుద్ధము జరుగుట ఇందలి ముఖ్యాంశములు. నెల్లూరి పక్షమున ఖడ్గతిక్కన పోరి మడిసెను. పదమూడవ శతాబ్దినాటి ఈ యుద్ధమునకు మూలము రాజ్యకాంక్ష కాదు. పచ్చిక, దానికి కట్టవలసిన పన్ను. అందువలననే ఈ గాథలో మాట తప్పుట మహాపాతకముగా కనిపించును. కొమ్ములవారు ఈ కథ చెప్పునపుడు మందకు నాయకమైన బొల్లావును సైతము మనుష్యవీరులతో సమానముగా కీర్తింతురు. గొల్లలకు కాటమరాజు కథానాయకుడు మాత్రమే కాడు, కొలుపులందుకొను వేల్పు.

ఇక ఆళ్లగడ్డ వైపు. అహోబిల నరసింహుడు మందకాపరి కాడు, నిజమే. కాని ఆయన పారువేట యుత్సవము కనుమనాడు, అనగా పశువుల పండుగనాడు, ఆరంభమగుట కేవలము యాదృచ్ఛికమని మేము తలపజాలము. స్వామి పల్లకి సుమారు నలువది దినములు ఆళ్లగడ్డ పరిసరముల ముప్పదికి పైగా గ్రామములు తిరుగును. చెంచులు తమ యింటి అల్లుడను చనువుతో పల్లకిపై బాణములు విడుతురు. స్వామి తన పెండ్లికి రండని ఊరూర పిలుచుచున్నాడని జనుల నమ్మకము. కొమురవెల్లి మల్లన్నకు గొల్ల కేతమ్మ దేవేరి యగుటను దీనితో పోల్చి చూడవలెను. జర్మను పండితుడు గుంథర్ సోంథైమర్ 1976లో ప్రకటించిన గ్రంథమున మహారాష్ట్రమందలి ఖండోబా మొదలగు పశుపాలక దైవములను విచారించెను. స్థిరాలయమున నుండు దేవుడు కొంతకాలము సంచారి యగుట, అడవివారితోను మందవారితోను వియ్యమందుట దక్కను భూములలో విస్తారముగా కనిపించును.

కావున మన గాథల ననుసరించి క్రీడకై ఒక కాపరిని కల్పింపదలచినవాడు త్రాడు, తుపాకి, ఎఱ్ఱని కన్నులు అరువు తెచ్చుకొననక్కరలేదు. వాని తొలి శక్తి వెంబడించుట. ఎంత దట్టమైన అడవిలోనైనను వానికి ఆవు అడుగుజాడ తప్పదు. రెండవది దాగిన దైవమును చూచుట. కాని వానిని దొంగయని నిందించినపుడే ఆ చూపు తెఱచుకొనును. మూడవది మాట. పుల్లరి చెల్లించినంతకాలము వానిని ఆ బీటినుండి వెడలగొట్టజాలరు. ఎదుటివాడు మాట తప్పినచో మంద యంతయు వాని సైన్యమగును. దౌర్బల్యము కఱవు. గడ్డి యెండినకొలది వాని బలము తఱుగును. దీనికి అంకె వేయుట కష్టము కాదు; పాచికల క్రీడ నెఱిగినవాడు నిమిషములో వేయగలడు. వానిని చంపినవానికి దక్కు నిధి యేమని వ్రాయవలెనో మాత్రము మాకు తోచలేదు, మన గాథలలో పశువు నిధియే కాని దోపిడిసొమ్ము కాదు.

పేరు విషయమున ఒక్కమాట. వానిని భూతమనుట పొసగదు. సన్నిధిగొల్లకు ఆలయములో స్థానమున్నది, కాటమరాజునకు కొలుపున్నది. మహానందిలో గోవు గిట్టకు గుర్తున్నది. దాని వెంట నడచిన కాపరికి కథకులు సాధారణముగా పేరైనను పెట్టరు. పారువేట పల్లకి తిరుగు గ్రామములలోని గొల్లల ఇండ్ల పెద్దలు ఆ కాపరిని ఏమని పిలుతురో కనుమ మొదలుకొని వెంట నడచి అడిగి వ్రాసికొనుట పరిశోధక విద్యార్థి యొకరికి ఒక శీతకాలపు పని.