ఇంటితో కూడ ప్రయాణము

ఊరికి బయలుదేరునపుడు ఇంటికి తాళము వేసి పోవుట లోకసామాన్యము. ఇంటినే వెంట నడిపించుకొని పోవుట నేటి విశేషము. మోటారుబండి మీదనే పడకలు, పొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానపు గది అమర్చిన వాహనమును మోటార్‌హోమ్ అందురు. మన గూడుబండికిని దీనికిని చుట్టరికము లేకపోలేదు. గూడుబండిలో తీర్థయాత్రకు పోవువారు ఎడ్ల బలమును బట్టి సామాను సర్దెడివారు. ఇరుసునకు కందెన వేసి గాని బండి కట్టెడివారు కారు. ఆ వివేకమే ఈ యంత్రపు బండికిని కావలెను.

మెల్‌బోర్న్, అడిలేడ్, పెర్త్ మొదలగు ఆస్ట్రేలియా నగరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు నేడు అనేకము. వారిని చూచుటకు ఇచ్చటినుండి పోవు తలిదండ్రులును కలరు. ఆ దేశమున తూర్పు పడమరలను కలుపు నల్లర్‌బోర్ బాటను ఉదాహరణముగా తీసికొని, ఇట్టి బండిని దూరప్రయాణమునకు సిద్ధపరచు విధమును వివరింతుము.

నల్లర్‌బోర్ అను పేరునకు లాటిన్ భాషలో 'చెట్టు లేనిది' అని అర్థము. అది సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల సున్నపురాతి నేల. పడిన వాన రాతి పగుళ్ళలో ఇంకిపోవుటచే పైన నదులు లేవు. 1841లో ఎడ్వర్డ్ జాన్ ఐర్ తీరము వెంబడి ఈ ప్రాంతమును దాటునపుడు నీటికై మిక్కిలి అగచాట్లు పడెను. ఆయన పేరు పెట్టిన ఐర్ హైవే 1976 నాటికి గాని పూర్తిగా తారు రోడ్డు కాలేదు. సెడూనా నుండి నార్స్‌మన్ వరకు సుమారు 1,200 కిలోమీటర్లు. నడుమ ఇంధనమును, భోజనమును దొరకు రోడ్‌హౌసులు ఉన్నవి గాని, కొన్నిచోట్ల ఒకదానినుండి మరియొకదానికి 180 కిలోమీటర్లు పైబడియే యుండును. బాలడోనియా, కైగూనాల నడుమ 146 కిలోమీటర్ల మేర రోడ్డునకు ఒక్క వంపైనను లేదు. ఇట్టిచోట టైరు పగిలినచో సహాయము వచ్చుటకు గంటలు పట్టవచ్చును. కావున జాగ్రత్తలన్నియు బయలుదేరుటకు ముందే పడవలెను.

అన్నిటికంటె ముందు చూడవలసినది బరువు. ఆ దేశమున సామాన్యమైన కారు లైసెన్సుతో 4,500 కిలోల పరిమితి గల బండి వరకే నడుపవచ్చును. అందుచేత పెక్కు మోటార్‌హోములు ఆ హద్దునకు లోబడి తయారగును. 4,490 కిలోల పరిమితియు, 3,850 కిలోల ఖాళీ బరువును గల బండి యొకటి ఉన్నదనుకొందము. మనకు మిగులునది 640 కిలోలు. నలుగురు మనుష్యులు 280. నూరు లీటర్ల నీరు 100. ఖాళీ బరువులో 10 లీటర్ల ఇంధనము మాత్రమే చేరియుండును గనుక, మరి 80 లీటర్ల డీజిలు 67. నిండు గ్యాసు సిలిండర్లు రెండు 36. ఇక మిగిలినవి 157 కిలోలు. పరుపులు, బట్టలు, కుర్చీలు, గిన్నెలు, బియ్యము, ఇంటి ఇల్లాలు వదలిరాలేని గ్రైండరు, అన్నియు ఇందులోనే ఇమడవలెను. అలమారలో చోటున్నదని సామాను నింపుట పొరపాటు. చోటు వేరు, మోయు శక్తి వేరు.

సామాను సర్దిన పిమ్మట, అందరును ఎక్కి కూర్చుండి, బండిని కాటాకు తీసికొనిపోయి తూయించవలెను. మొత్తము బరువే గాక ముందు ఇరుసు మీదను, వెనుక ఇరుసు మీదను పడు బరువును వేరువేరుగ చూడవలెను. వెనుక ఇరుసు దాటిన భాగమున బరువులు కుక్కినచో ముందు చక్రములు తేలికయై స్టీరింగు పట్టు సడలును.

ఈ బరువంతయు మోయునవి టైర్లు. మోటార్‌హోమ్ ఏడాదిలో చాలకాలము నిలిచియే యుండును. అందుచే టైరు అరుగకుండగనే ముదిసిపోవును. దాని ప్రక్కన అచ్చువేసిన నాలుగంకెలు పుట్టిన తేదీని తెలుపును: 2319 అనిన 2019వ సంవత్సరపు 23వ వారము. అయిదేండ్లు దాటినవానిని ఏటేట నిపుణునికి చూపవలెను. గాలిని టైరు చల్లగా నున్నపుడే కొలువవలెను.

బండిలో ఇంజనుకొక బ్యాటరీ, ఇంటికొక బ్యాటరీ ఉండును. నూరు ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడుట దాని ఆయువునకు చేటు. ఫ్రిజ్జును, దీపములును కలసి గంటకు 3 ఆంపియర్లు తీసికొన్నచో 16 గంటలలో ఆ సగమును ముగియును. పగలు బండి నడచునపుడు అది తిరిగి నిండుచున్నదో లేదో బయలుదేరుటకు ముందే పరీక్షింపవలెను.

గ్యాసు విషయమున ఏమరుపాటు ప్రాణాంతకము. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలకు దిగును. అందుకే అడుగున గాలి రంధ్రములు ఉంచుదురు. చలి వేయుచున్నదని వానిని గుడ్డలతో మూయరాదు. గొట్టముల అతుకులకు సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూడవలెను. వెచ్చదనమునకై పొయ్యి వెలిగించి నిద్రించుట మరింత అపాయకరము. అట్లు పుట్టు కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. దానిని కనిపెట్టి మ్రోగు పరికరము బండిలో తప్పక ఉండవలెను. బండి కదలునపుడు సిలిండరు కట్టివేయవలెను.

వంటసామాను సర్దు గృహిణులకు ఒక మాట. పండుఈగ మొదలగు చీడలు వ్యాపింపకుండుటకై, పడమరకు పోవువారిని పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దునను, తూర్పునకు వచ్చువారిని సెడూనా యొద్దను తనిఖీ చేయుదురు. పండ్లు, కూరగాయలు పారవేయవలసివచ్చును. పడమటి దిక్కున తేనెకును నిషేధము కలదు. కరివేపాకు సంగతియు ముందే విచారించుకొనుట మేలు. బియ్యము, పప్పు, కందిపొడి వంటివి ఎక్కువగను, పచ్చివి రెండు పూటలకు చాలినంతయు ఉంచుకొన్న నష్టముండదు. మార్గమధ్యమున నీరు విరివిగ దొరకదు గనుక తొట్టిని శుభ్రపరచి, బయలుదేరు ఊరిలోనే నింపి, త్రాగునీటిని వేరే డబ్బాలలో ఉంచుకొనవలెను.

చివరగా, ఉదయసంధ్యలోను, సాయంసంధ్య మొదలుకొని రాత్రియందును కంగారూలు, వాంబాట్‌లు, ఒంటెలు రోడ్డు మీదికి వచ్చుచుండును. నాలుగు టన్నుల బండి తలచినంతనే ఆగదు. కావున చీకటి పడకమునుపే మజిలీ చేరునట్లు దినమునకు ఎంత దూరము పోవలెనో ముందుగనే నిర్ణయించుకొనవలెను. బయలుదేరుటకు వారము ముందు, నిండు బరువుతో ఒక రాత్రి దగ్గరి ఊరిలో గడపి వచ్చుట మంచిది. ఏది పనిచేయుటలేదో, ఏది అనవసరమో ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోవును. ఆ అనవసరమైనదానిని ఇంటివద్ద దింపి, బండిని మరల కాటా వేయించి బయలుదేరినచో, దారిలో మన ప్రాణములకు పూచీ పడు టైర్లకును, బ్రేకులకును మనము న్యాయము చేసినవారమగుదుము.