లోపలి వన్నె

తెనాలి వీధులలో స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చి ఆగితే పదిమంది చుట్టూ మూగుతారు. మూగినవారు మొదట చూచేది దాని ఒంటి రంగును. ఎరుపైతే ఎరుపని, పసుపైతే పసుపని మెచ్చుకొని ఎవరి దారిని వారు వెళ్ళిపోతారు. కారు తెచ్చుకొన్నవానికి మాత్రం ఆ రంగుతో నిత్యం పని లేదు. తలుపు వేసికొని స్టీరింగు పట్టుకొన్న క్షణం నుండి అతని కంటికి ఆనేది లోపలి రంగే: సీట్ల తోలు, తలుపుల లోపలి భాగం, పాదాల క్రింది తివాచీ, ఎదుటనున్న డాష్‌బోర్డు. అయినా, బయటి రంగును గూర్చి నెలరోజులు ఆలోచించినవాడు లోపలి రంగును అయిదు నిమిషాలలో తేల్చివేయడం సర్వసాధారణం. దుకాణంవారు చేతికిచ్చిన పుస్తకంలో నాలుగు చదరపు ముక్కలుంటాయి. ఒకదానిమీద వేలు పెడతాడు. అంతటితో సరి.

తక్కిన కార్ల విషయంలో ఈ తొందరపాటు అంతగా బయటపడదు. నాలుగు తలుపుల కారు లోపలి భాగం పడకగది వంటిది, పరులు తొంగిచూడరు. స్పోర్ట్స్ కారు తీరు వేరు. సాధారణంగా అది ఇద్దరు కూర్చునే బండి. నేలకు ఆనుకొన్నదా అన్నంత తగ్గుగా ఉంటుంది. పెక్కింటికి టాపు వెనుకకు మడిచే వీలు కూడ ఉన్నది. టాపు మడిచిన మరుక్షణం లోపలిది వెలుపలిదవుతుంది. మేడమీద నిలిచినవారికి, ప్రక్కన పోయే లారీ డ్రైవరుకు సీట్ల రంగే ముందు కనబడుతుంది. కనుక ఇక్కడ రెండు రంగులకు పొత్తు కుదరవలసి ఉన్నది. వెనుకటి గూడుబండికి ఈ చిక్కు లేదు. లోపల వరిగడ్డి పరచి పైన జంపఖానా వేసేవారు. అది మాసిపోతే మరొకటి వేసేవారు. కారు సీటు తోలు అంత సుళువుగా మార్చుకొనేది కాదు.

బయటి రంగుల చరిత్ర ఒక వింత. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో దేశాల మధ్య కారు పందాలు మొదలైనప్పుడు ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క వన్నె ఏర్పడినది. ఫ్రాన్సుది నీలం, ఇటలీది ఎరుపు. 1903లో ఐర్లండులో జరిగిన గోర్డన్ బెన్నెట్ పందెంలో బ్రిటిషు కార్లు ఆకుపచ్చరంగుతో దిగినవి. జర్మనీ తెలుపుతో మొదలుపెట్టి 1930ల నాటికి వెండివన్నెకు మారినది. ఆ విధంగా కారు ఒళ్ళు జెండా వంటిదయినది. లోపలి రంగును ఏ దేశమూ తనదనలేదు; అది కూర్చునేవాని ఇష్టానికే మిగిలిపోయినది. 1961లో జెనీవా ప్రదర్శనలో వెలువడిన జాగ్వార్ ఈ-టైపు కారుకు నల్లతోలు, ఎర్రతోలు, బిస్కత్తు వన్నె తోలు మొదలైనవి ఉండేవి. నేటికీ కంపెనీల పుస్తకాలలో తరచు కనిపించేవి నలుపు, ఎరుపు, మీగడరంగు, కపిలవర్ణం. ఈ చివరిదానికి ఇంగ్లీషులో ఏ పేరు పెట్టినా మనవారు బెల్లపు రంగు అంటే చాలును.

వీటిలో కుర్రవారి మనసు మొదట పోయేది ఎరుపు మీదికే. అందుకు వారిని తప్పుపట్టనక్కరలేదు. ఈ ప్రాంతానికి ఎరుపుతో పాత చుట్టరికమే ఉన్నది. రేపల్లెకు దిగువన సముద్రతీరంలో ఉన్న నిజాంపట్నాన్ని పాశ్చాత్య వర్తకులు పెటపొలి అని పిలిచేవారు. 1606లో డచ్చివారు అక్కడ వర్తకస్థానం నెలకొల్పారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ అక్కడికి వచ్చి, తరువాత మచిలీపట్నం చేరినది. వారు ఆశించివచ్చిన సరుకులలో ఎర్ర అద్దకపు బట్ట ముఖ్యమైనది. ఆ ఎరుపుకు మూలం చిరివేరు. ఇసుకనేలలో పెరిగే చిన్న మొక్క అది. దాని వేరును పొడిచేసి, పటిక పట్టించిన నూలుబట్టను ఆ నీటిలో ఉడికిస్తే రంగు పట్టేది. ఉతికినకొద్దీ నిగ్గు తేలుతుందని ఆ బట్టకు పేరు. 1868లో జర్మన్ రసాయనికులు ఆలిజరిన్ అనే ఎర్రరంగును ప్రయోగశాలలో తయారుచేసిన తరువాత వేరు వెనుకబడినది. బాపట్ల పొరుగున ఉన్న చీరాల తేలియా రుమాళ్ళకు, నూలును నూనెలో నానవేసి పట్టించినది ఆ ఆలిజరిన్ ఎరుపునే.

కారు తోలుకు ఈ అదృష్టం లేదు. దాని రంగు ఉతికినకొద్దీ తేలేది కాదు, ఎండ తగిలినకొద్దీ వెలిసేది. టాపు మడిచి తిరిగే కారులో సీటు పై అంచు ఒక రంగుగా, క్రింది మడత మరొక రంగుగా మారడానికి ఎన్నో వేసవులు పట్టవు. పైన రంగుపూత దట్టంగా వేసిన తోలు కొంతకాలం నిలుస్తుంది. పూత లేకుండ, లోనికి ఇంకిన రంగుతో మెత్తగా ఉండే మేలురకం తోలు త్వరగా వెలుస్తుంది. వెల ఎక్కువైనదే ముందు వెలవెలబోతుందన్నమాట.

ఇక ఎండ సంగతి. రోహిణీకార్తెలో రోళ్ళు పగులుతాయనే సీమలో ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో అరిజోనా ఎడారి ప్రాంతపు పరిశోధకులు 2018లో ఒక పరిశీలన ప్రకటించారు. బయట 37 డిగ్రీలు దాటిన రోజులలో, ఎండలో గంటసేపు నిలిపిన కార్ల లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు చేరినది. సీట్లు 51, స్టీరింగు 53, డాష్‌బోర్డు 69 డిగ్రీలు! నీడలో నిలిపిన కార్ల డాష్‌బోర్డు 48 దగ్గరే ఆగినది. ముదురురంగు వెలుతురును ఎక్కువగా త్రాగి వేడెక్కుతుందని బడిపిల్లలు చదివే పాఠమే. నల్లతోలు మీద మే నెల మధ్యాహ్నం పంచె కట్టుకొని కూర్చున్నవానికి ఆ పాఠం మరల చెప్పనక్కరలేదు.

అట్లయితే అంతా మీగడరంగే వేయించవచ్చునా? కూడదు. డాష్‌బోర్డు తెల్లగా ఉంటే దాని నీడ ముందు అద్దంలో పడి, దారికి అడ్డంగా పలుచని తెర కట్టినట్లవుతుంది. బాపట్లనుండి రేపల్లె వైపు జాతీయ రహదారిమీద ఉదయం బయలుదేరినవాడికి ఎదురుగా సూర్యుడు ఉండగా ఈ తెర కూడ తోడైతే, గేదెను ఢీకొట్టినదాకా అది గేదె అని తెలియదు. కంపెనీలు సీట్లకు ఏ రంగు వేసినా డాష్‌బోర్డు పైభాగాన్ని సాధారణంగా మురుగు నలుపుగా, మెరుపులేకుండ ఉంచడంలోని రహస్యం ఇదే. ఇక్కడ మాత్రం ముచ్చటకు చోటివ్వరాదు.

తరువాతిది మట్టి. తెనాలిది నల్లరేగడి. వానాకాలంలో చెప్పులకు పట్టిన బురద మీగడరంగు తివాచీమీద అచ్చుగుద్దినట్లు పడుతుంది. బాపట్ల తీరానిది ఇసుక. సూర్యలంకలో కాళ్ళు తడిపి ఎక్కినవారు నల్ల తివాచీమీద ముగ్గు వేసి దిగుతారు. రెండు ఊళ్ళకూ తిరిగేవానికి బెల్లపు రంగే కొంత దయచూపుతుంది. బట్టల గొడవ వేరే ఉన్నది. కొత్త జీన్సు ప్యాంటు నీలిరంగు లేతతోలుకు అంటుకొంటే వదలదు. ఆయుధపూజనాడు చల్లిన పసుపు కుంకుమలు సరేసరి. కారు చేసిన ఏ ఇంజనీరూ కుంకుమను లెక్కలోకి తీసికొని ఉండడు.

ఇంత ఆలోచనా కొత్తదేమీ కాదు. చీరలు కొనే స్త్రీలు తరతరాలుగా చేస్తున్నదే. దుకాణంలో గొట్టపుదీపం క్రింద వంగపండుగా కనిపించిన చీర వీధిలోకి వచ్చేసరికి మరొక రంగు కావడం వారెరుగుదురు. అందుకే మడత విప్పి గుమ్మందాకా తెస్తారు. ఒంటి రంగుకు అంచు రంగు ఎంతవరకు ఎదురు నిలవాలో, ఎక్కడ కలిసిపోవాలో వారికి చెప్పనక్కరలేదు. నల్లని సీటుకు ఎర్రదారపు కుట్టు, బెల్లపు సీటుకు మీగడ కుట్టు అంటే అంచు వేయడమే. వారి నోట ఉల్లిపొర, నెమలికంఠం, కనకాంబరం, చిలకపచ్చ, గంధం అని పలికే పేర్లముందు కారు పుస్తకంలోని పేర్లు బీదవి.

కొనదలచినవాడు ఆ చదరపు ముక్కను దుకాణంలోనే వదలిరాకుండ అడిగి తెచ్చుకొని, మిట్టమధ్యాహ్నం ఆరుబయట అరగంట ఉంచి, అరచేయి ఆనించి చూడడం మంచిది. తరువాత అదే ముక్కను ప్రొద్దు వాలినప్పుడు మరల చూడాలి. ఇంట్లో తల్లికో అక్కకో చూపితే మరీ మంచిది. "ఇది ఉల్లిపొర కాదురా, ఇటుకపొడి" అని ఆమె ఒక్క చూపుతో తేల్చివేస్తుంది.